ఎరుపు ముందా, నీలం ముందా

షెడ్డులో అక్క బల్లకూ మరదలి బల్లకూ మధ్య చేయి చాపితే అందేంత దూరమే. అయినా ఒకరితో ఒకరు అనాల్సిన ప్రతి మాటా తమ్ముడి చెవుల మీదుగా ప్రయాణం చేసేది.

"మీ ఆవిడని అడుగు, కొత్త ఫొటోలు ఎప్పుడిస్తుందో."

"మీ అక్కగారితో చెప్పండి, పొద్దున్నే ఫోల్డర్లో పెట్టేశానని."

ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినిపిస్తూనే ఉండేది. చేతిలో స్పానరుతో మధ్యన నిలబడ్డ తమ్ముడు అటొకసారి ఇటొకసారి తల తిప్పి, "విన్నారుగా" అనేసి మెల్లగా బెల్టు దగ్గరికి జారుకునేవాడు. ఇనుముతో పని అతనికి హాయిగా ఉండేది. బోల్టు బిగిస్తే బిగుస్తుంది, మూతి ముడుచుకోదు.

షెడ్డు వాళ్ళ నాన్నది. ఆయన ఉన్న రోజుల్లో అక్కడ సిమెంటు బస్తాలు మోసే బెల్టులు తయారయ్యేవి. ఆయన పోయాక ఇనుము పని తమ్ముడు అందుకున్నాడు. అక్క తన ఉద్యోగం మానేసి వచ్చి, ఈ బెల్టుకు కళ్ళు పెడదామంది. బెల్టు మీద టమాటాలు దొర్లుకుంటూ వస్తాయి. పైన కెమెరా వాటిని చూస్తుంది. అక్క రాసిన ప్రోగ్రామ్ ఒక్కొక్కటీ కాయా, పండా, రెండూ కాని చెత్తా అని తేలుస్తుంది. వెంటనే పక్కనున్న గాలి గొట్టం ఫుస్సుమని ఊది దాన్ని దాని తొట్టెలోకి తోస్తుంది. మొదట్లో ఆ కెమెరా పని కూడా అక్కే చేసుకునేది, ఏదో వచ్చినట్టుగా. ఫొటోలు మసకగా వచ్చేవి. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

తమ్ముడు కెమెరాల కంపెనీలో ఇంజనీరుగా పనిచేస్తున్న అమ్మాయిని ఇష్టపడి పెళ్ళి చేసుకున్నప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది అక్కే. ఆ అమ్మాయి కంపెనీ మానేసి షెడ్డులో చేరేసరికి మసక ఫొటోల బెడద వదిలిందనుకుంది. ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒకరోజు భోజనాల ముందు పళ్ళాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగిపోయింది. లోపల కొత్త కోడలు మొగుడితో నవ్వుతూ అంటోంది.

"మీ అక్క రాసిన కోడు చదవాలంటే పలుగూ పారా పట్టుకెళ్ళాలండీ. తవ్వినకొద్దీ ఏదో ఒకటి బయటపడుతోంది."

తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వే అక్కకు ఎక్కువ గుచ్చుకుంది. లోపలికి వెళ్ళి పళ్ళాలు దడాలున బల్ల మీద పెట్టి, "ఫొటోలు తీసుకునేవాళ్ళకి ప్రోగ్రాములు అర్థం కావడం కష్టమేలేమ్మా, నీ తప్పు కాదు" అంది. మరదలి మొహం మాడిపోయింది. అంతే. ఆ పూట మొదలైంది ఇద్దరికీ. ఆ తర్వాత మరదలు చెప్పాపెట్టకుండా ప్రోగ్రామ్‌లో కెమెరా భాగం మొత్తం పీకేసి, తనకు అలవాటైన లైబ్రరీతో కొత్తగా రాసింది. లైబ్రరీ అంటే ఎవరో ముందే తయారుచేసిపెట్టిన పనిముట్ల పెట్టె లాంటిది. అక్క పెట్టె వేరు, ఆమె పెట్టె వేరు. ఫొటోలు మాత్రం అద్దంలా వచ్చాయి. ఆ ఒక్క కారణానికి అక్క నోరు కట్టుకుంది. ఒకే ఇంట్లో మేడ మీద ఆమె, కింద వాళ్ళు. మెట్ల మీద ఎదురైతే ఇద్దరూ ఫోన్లు చూసుకుంటూ దిగేవారు.

సాస్ ఫ్యాక్టరీవాళ్ళు యంత్రాన్ని తమ యార్డులో నడిపించి చూపించమన్నారు. నచ్చితే తీసుకుంటామన్నారు. షెడ్డు నిలబడాలంటే అది నచ్చి తీరాలి. ఇన్నాళ్ళూ మరదలు ఫొటోలను ఫైళ్ళుగా ఫోల్డర్లో పెడితే అక్క వాటిని తెరిచి ప్రోగ్రామ్‌ను పరీక్షించేది. నూటికి ఒకటీ అరా తప్ప అన్నీ సరిగ్గా తేల్చేది. కానీ బెల్టు పరిగెడుతుంటే ఫైలుగా దాచి మళ్ళీ తెరిచే తీరిక ఉండదు. కెమెరా చూసింది చూసినట్టే, కంప్యూటరు లోపల్లోపలే ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి అందాలి. ఆ కలిపే పని తమ్ముడు చెరో ముక్క అడిగి తీసుకుని తనే చేశాడు. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టడం కంటే అదే తేలికనిపించింది అతనికి.

ఫ్యాక్టరీలో కొనుగోళ్ళ మేనేజరును అందరూ వెనకాల సైరన్ అంటారు. మామూలుగా మాట్లాడినా యార్డు ఆ చివరికి వినిపిస్తుంది. ఆయనకు యంత్రం మీద మొదటినుంచీ గురి లేదు.

"కళ్ళున్నాయన్నారుగా, కానివ్వండి చూద్దాం" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

తమ్ముడు స్విచ్చి వేశాడు. బెల్టు కదిలింది. పచ్చి కాయలు బుద్ధిగా కాయల తొట్టెలోకి వెళ్ళాయి. తమ్ముడి మొహం విప్పారింది. ఆ తర్వాత పళ్ళు వచ్చాయి. నిగనిగలాడే ఎర్రటి పళ్ళు, ఒకదాని తర్వాత ఒకటి, ఫుస్సు ఫుస్సుమంటూ చెత్త తొట్టెలో పడి పగిలిపోవడం మొదలుపెట్టాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా పళ్ళ తొట్టెలోకి వెళ్ళలేదు. గింజలూ రసమూ చింది అక్క చెప్పుల దాకా వచ్చింది. అంతలో ఏదో ట్రేకు చెందిన నీలం ప్లాస్టిక్ పెంకు టమాటాలతోపాటు బెల్టు మీదికొచ్చింది. యంత్రం దాన్ని ఎంతో మర్యాదగా పళ్ళ తొట్టెలోకి సాగనంపింది.

సైరన్ వంగి ఆ పెంకును వేళ్ళతో పైకెత్తాడు.

"ఇది మొదటి రకం పండన్నమాట. దీంతో సాస్ చెయ్యమంటారా?"

చుట్టూ ఉన్న కూలీలు పగలబడి నవ్వారు. తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. "చిన్న లోపమండీ, సరిచేస్తాం" అని గొణిగాడు.

"శనివారం దాకా యంత్రాన్ని ఇక్కడే ఉంచండి. శనివారం కూడా ఇదే తంతయితే, మీ బండి తెచ్చుకుని దీన్ని పట్టుకుపోండి. మా పళ్ళు తొక్కించుకోవడానికి మాకు యంత్రం అక్కర్లేదు, పశువులున్నాయి."

షెడ్డుకు రాగానే అక్క బ్యాగు బల్ల మీదికి విసిరేసింది.

"ఇటు రారా. చూడు, నా స్క్రీన్ మీద టమాటా ఎర్రగా ఉందా లేదా? నా ప్రోగ్రామ్ దాన్ని పండంటోందా లేదా?"

"ఉంది. అంటోంది" అన్నాడు తమ్ముడు.

"ఇటు కూడా రండి" అంది మరదలు, తన స్క్రీను అతనివైపు తిప్పి. షెడ్డులో విడిగా ఉన్న కెమెరా ముందు ఒక టమాటా పెట్టి ఉంచింది. "నా కెమెరాలో ఎర్రగా ఉందా లేదా?"

"ఉంది."

ఇద్దరి స్క్రీన్ల మీదా టమాటా నిప్పులాగే ఉంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అబద్ధం చెబుతున్నది ఎదుటి మనిషేనని మాత్రం ఇద్దరికీ గట్టి నమ్మకం.

అక్క కుర్చీ లాక్కుని, కెమెరా నుంచి నేరుగా అందుతున్న బొమ్మను మొదటిసారి తన లైబ్రరీతో తెరిచి చూసింది. స్క్రీన్ మీద టమాటా కమిలిన గోరులా నీలంగా ఉంది. కంప్యూటరుకు ఫొటో అంటే అంకెల వరస. ప్రతి చుక్కకూ మూడు అంకెలు: ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత. అక్క లైబ్రరీ ఎరుపుతో మొదలుపెట్టి చదువుతుంది. మరదలి లైబ్రరీ నీలంతో మొదలుపెట్టి రాస్తుంది. ఎవరి పెట్టెలోని పనిముట్టుతో వాళ్ళు చూసుకున్నంతసేపూ బొమ్మ బంగారంలా ఉంటుంది. ఫైలుగా దాచినప్పుడు ఆ ఫైలే వరసను చక్కబెట్టేస్తుంది. నేరుగా చేతులు మారినప్పుడే ఎరుపు నీలమవుతుంది, నీలం ఎరుపవుతుంది. ఆకుపచ్చ ఎటునుంచి చూసినా మధ్యలోనే ఉంటుంది గనక కాయలకు ఏమీ కాలేదు. పళ్ళు మాత్రం, ఎన్నడూ కనీవినీ ఎరగని నీలం వస్తువులైపోయి, చెత్తలో పడ్డాయి.

"మీ ఆవిడ నీలం ముందు పెట్టి పంపిస్తోంది" అంది అక్క, గొంతు అణచుకుంటూ.

మరదలు ఈసారి మొగుడివైపు చూడలేదు. "మా లైబ్రరీ ఎప్పుడూ నీలంతోనే మొదలుపెడుతుంది వదినగారూ. ఈ పని చేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే అది."

వదినగారూ అన్న ఆ మాటలో ఎంత మర్యాదుందో అంత విషముంది. ఈ పని చేసేవాళ్ళందరికీ అన్నదాంట్లో ఇంకొంచెం ఎక్కువుంది.

"తెలిసినదానివి చెప్పొచ్చుగా!"

"అడిగితే చెప్పేదాన్ని."

"అడగాలని నాకెలా తెలుస్తుంది?"

"తీసుకునేవాళ్ళు ఏం తీసుకుంటున్నారో చూసుకోవద్దూ?"

"ఇచ్చేవాళ్ళు ఏం ఇస్తున్నారో చెప్పద్దూ?"

తమ్ముడు రెండు చేతులూ పైకెత్తాడు. "ఎందుకూ ఈ గొడవంతా? ఎవరో ఒకరు మార్చండి. ఒక్క లైనే కదా!" అని, ఎవరు మార్చాలో చెప్పకుండా, కళ్ళకు నల్లద్దాలు తగిలించుకుని వెల్డింగు దగ్గరికి వెళ్ళిపోయాడు. నిప్పురవ్వల చప్పుడులో ఇక ఎవరి మాటా అతనికి వినపడలేదు.

నిజానికి ఒక్క లైనే. మూడు అంకెల్లో మొదటిదాన్నీ చివరిదాన్నీ అటుదిటూ ఇటుదటూ చేయాలి. మరదలు చేస్తుందా? చేస్తే అక్క గెలిచినట్టు. అంచేత ఆమె చస్తే చేయదని అక్క లెక్క. చేయకపోతే శనివారం మళ్ళీ పళ్ళు పగులుతాయి. నాన్న షెడ్డు నవ్వుల పాలవుతుంది. "ఆవిడ పంతానికి నా బెల్టు బలి కావాలా?" అనుకుంది అక్క. మరదలు సగంరోజు సెలవు పెట్టి పుట్టింటికి వెళ్ళిన పూట, అక్క తన ప్రోగ్రామ్ మొదట్లో ఆ ఒక్క లైనూ రాసింది. షెడ్డులోని కెమెరా కింద టమాటా పెట్టింది. పండు అంది ప్రోగ్రామ్. కాయ పెట్టింది. కాయ అంది. నీలం పెన్ను మూత పెట్టింది. చెత్త అంది. అక్క లేచి మంచినీళ్ళు తాగి, ఎవరూ లేని షెడ్డులో తనలో తనే నవ్వుకుంది. ఎవరికీ చెప్పలేదు. శనివారం యంత్రం చక్కగా నడిచాక, అందరి ముందూ తాపీగా, "నేనే సరిచేశాలే" అనాలని ఆమె ఆశ. ఆ మాటను ఎలా అనాలో, ఎంత తేలిగ్గా అనాలో కూడా మనసులో అనుకుని చూసుకుంది.

అదే పూట పుట్టింట్లో కూర్చుని మరదలు కూడా తన ల్యాప్‌టాప్‌లో అదే లైను రాసింది. ఆమె దగ్గర అక్క ప్రోగ్రామ్ పాత నకలొకటి ఉంది. దానికి అందించి చూసుకుంది. పండును పండంది. ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం తమ్ముడు మేడ మెట్ల దగ్గర అక్కను ఆపి, "అయిపోయిందా?" అన్నాడు. "అయిపోయింది" అంది అక్క. కిందికెళ్ళి భార్యను కూడా అదే అడిగాడు. "అయిపోయింది" అంది ఆమె. రెండు వైపులా అయిపోయిందన్నారు గదాని అతను నిశ్చింతగా ఈల వేసుకుంటూ వ్యాన్ కడిగాడు.

శనివారం యార్డులో లారీలు బారులు తీరి ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్ళూ బెల్టుకు చెరోవైపున ల్యాప్‌టాప్‌లు తెరిచి, ఎవరి కొత్త ప్రోగ్రామ్ వాళ్ళు యంత్రంలోకి ఎక్కించారు. అక్క ఒకసారి ఊరికే నడిపి చూద్దామంది. సైరన్ ఒప్పుకోలేదు. "లారీలు నిలబడున్నాయమ్మా, చూడ్డానికే కదా వచ్చాం మేము!" అని ఆయనే స్విచ్చి నొక్కాడు.

కాయలు కాయల్లోకి వెళ్ళాయి. పళ్ళు వచ్చాయి.

ఫుస్సు. మొదటి పండు చెత్తలో పడి చితికింది. ఫుస్సు. రెండోది. ఫుస్సు, ఫుస్సు, ఫుస్సు.

"ఆపండి! ఆపండయ్యా!" సైరన్ ఒంటికాలి మీద లేచాడు. "ఇందుకేనా వారం పాటు నా యార్డులో చోటాక్రమించారు? మా కూలీలు చేత్తో ఏరినా ఈపాటికి లారీ ఖాళీ అయ్యేది! బండి తెచ్చుకున్నారా? ఎక్కించుకోండి దీన్ని!"

తమ్ముడు నీళ్ళు నములుతూ ఆయన వెంటపడ్డాడు. "అయ్యా, కాస్త సేపు... భోజనాల వేళ దాకా..."

"భోజనాల గంట కొట్టేదాకా. ఆ తర్వాత ఒక్క క్షణం ఉండనివ్వను."

అక్కకు ఇవేవీ వినపడడం లేదు. తప్పెక్కడుంది? తను అన్నిరకాలుగా చూసింది కదా! తన లైనుకు ముందు బొమ్మ ఎలా వస్తోందో తెరిచి చూసింది. ఎర్రగా ఉంది. కెమెరా నుంచి అందేసరికే ఎర్రగా, వరస సరిగ్గా ఉంది. తన లైను దాటాక నీలమైపోతోంది. అంటే, చక్కగా ఉన్నదాన్ని పాడుచేస్తున్నది తనే. అంటే...

తలెత్తి చూసింది. బెల్టుకు అవతల మరదలు తన స్క్రీన్ మీదికి వంగి ఉంది. ఆమె మొహంలో కూడా రంగు మారింది. పెదవి కొరుక్కుంటూ కీబోర్డు మీద ఏదో చెరపబోతోంది. ఆవిడా తీసేసి, తనూ తీసేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. గంట కొట్టేదాకా ఒకరి వెనక ఒకరు పెట్టుకుంటూ తీసుకుంటూ కూర్చుంటారు.

"ఆగు! ముట్టుకోకు!" అని కేకపెట్టింది.

ఆ కేకకు యార్డంతా ఇటు తిరిగింది. మరదలు చివ్వున తలెత్తింది.

"నన్నా ముట్టుకోకనేది? నా ప్రోగ్రామ్ నేను ముట్టుకోడానికి కూడా మీ అనుమతి కావాలా?"

"కావాలి! చెప్పకుండా చేసే పనులన్నీ ఇలాగే ఏడుస్తాయి!"

"చెప్పకుండా చేసింది నేనా? వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నా. నేనేదో మీ సింహాసనం లాక్కోడానికొచ్చినట్టు మొహం పెడతారు. ఒక్కరోజు, ఒక్కరోజు మంచిగా ఏం చేస్తున్నావమ్మా అని అడిగారా?"

"అడగడానికి పలుగూ పారా తెచ్చుకోవాలేమోనని ఊరుకున్నా!"

మరదలు ఒక్క క్షణం తెల్లబోయింది. ఆ మాట ఈవిడ విన్నదన్న సంగతి ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. కానీ తగ్గలేదు. "విన్నారా? మంచిది. అబద్ధమా అది? మీరు రాసినదాంట్లో దేనికి ఏం పేరుందో మీకైనా తెలుసా? నేను రాత్రింబవళ్ళు కూర్చుని దాన్ని అర్థం చేసుకుని, మీకు ఎరుపు ముందు కావాలని నా వైపు మార్చిపెట్టాను. మార్చినందుకా ఈ తిట్లు?"

"నేనూ మార్చాను!"

"ఏంటీ?"

"నేను కూడా మార్చాను. నా వైపు."

బెల్టు ఆగి ఉంది. చెత్త తొట్టెలోంచి రసం బొట్టు బొట్టుగా కారుతోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపుల్లో పశ్చాత్తాపం ఇసుమంతైనా లేదు. ఇంత చిన్న పనిలో ఇద్దరూ సమంగా వెధవలయ్యామన్న కోపం మాత్రం ఉంది.

తమ్ముడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఏమైంది? ఇద్దరూ మార్చారా? అయితే ఎవరో ఒకరు తీసెయ్యండి, సరిపోతుంది!"

"ఎవరో ఒకరంటే ఎవరు?" అంది మరదలు.

"నోరు తెరిచి చెప్పు. ఎవరు?" అంది అక్క.

అతను భార్యవైపు చూశాడు, అక్కవైపు చూశాడు. జేబులోంచి గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. అక్కకు అతన్ని చూస్తే ఒళ్ళు మండిపోయింది. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాడని ఇన్నాళ్ళూ జాలిపడింది గానీ, మధ్యలో నిలబడి ఎటూ ఏమీ మోయకుండా చేతులు దులుపుకుంటున్నాడని ఆ క్షణాన తోచింది.

అక్క మళ్ళీ తన స్క్రీనువైపు తిరిగింది. ఏది ఉండాలో ఆమెకు తెలుసు. కెమెరా దగ్గరే వరస సరిచేస్తే, ఆ తర్వాత ఆ బొమ్మను ఎవరు ఎందుకు వాడుకున్నా సరిగ్గా ఉంటుంది. ప్రోగ్రామ్‌లో సరిచేస్తే ఆ ప్రోగ్రామ్‌కు మాత్రమే. మొదటి రోజునుంచీ తెలుసు ఆమెకు. మరదలి లైనే సరైన చోటున ఉంది. తెలిసే తను రాసింది.

"నాది తీసేస్తున్నా" అంది, తలెత్తకుండా. "నీది ఉంచు. అక్కడే ఉండాల్సింది అది."

మరదలు కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. తర్వాత, "ఈ మాట మొన్ననే అని ఉంటే ఇన్ని పళ్ళు పాడయ్యేవి కాదు" అంది.

"మొన్న నువ్వు మనిషి చెప్పినట్టు చెప్పి ఉంటే అనేదాన్నే."

అక్క లైను చెరిపేసింది. తమ్ముడు స్విచ్చి వేశాడు. పళ్ళు ఒకదాని వెంట ఒకటి, మెత్తగా దొర్లుకుంటూ పళ్ళ తొట్టెలోకి వెళ్ళాయి. కూలీల్లో ఎవరో చప్పట్లు కొట్టబోయి, సైరన్‌ను చూసి మానేశారు. ఆయన తొట్టె మీదికి వంగి, పండు పండునూ తిప్పి తిప్పి, వంక దొరుకుతుందేమోనని గంట కొట్టేదాకా వెతికాడు. జేబులోంచి నీలం పెన్ను తీసి బెల్టు మీదికి విసిరాడు. యంత్రం దాన్ని చెత్తలోకి ఊదేసింది. ఆయనే చేయి పెట్టి, ఆ గుజ్జులోంచి పెన్ను వెతుక్కోవాల్సొచ్చింది. తుడుచుకుంటూ ఇంకా చిరాకుపడ్డాడు.

"సీజను వరకూ ఉంచుతాను" అన్నాడు చివరికి. "కానీ సీజను అయ్యేదాకా మీ మనిషొకరు పగలంతా ఇక్కడ ఉండాలి. ఒక్కరే! ఇద్దరూ కలిసొస్తే గేటు దగ్గరే ఆపేయిస్తాను. మీ ఇంటి జగడాలు చూడ్డానికి కాదు మేమున్నది."

తమ్ముడు అలవాటు చొప్పున ఇద్దరివైపూ చూడబోయాడు. అక్క ఆ అవకాశం ఇవ్వలేదు.

"నేనుంటాను" అంది.

"అక్కా, రోజూ ఇంత దూరం..."

"నేనుంటానన్నాను కదరా. ఆ షెడ్డులో ఇక ఊపిరాడదు నాకు."

మరదలు ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంటూ, "నాకూ కాస్త గాలాడుతుంది" అంది, ఎవరికీ కాదన్నట్టుగా, అందరికీ వినపడేట్టుగా.

తిరుగు ప్రయాణానికి ముగ్గురూ వ్యాన్ ఎక్కారు. తమ్ముడు రేడియో పెట్టబోతే ఇద్దరూ ఒకేసారి "ఆపు" అన్నారు.

అక్కకు ఫ్యాక్టరీలో తూకం గది పక్కన ఒక రేకుల గది ఇచ్చారు. మధ్యాహ్నానికి రేకులు పెనంలా కాలేవి. పులిసిన టమాటాల వాసన బట్టలను పట్టుకుని వదిలేది కాదు. సైరన్ రోజుకు నాలుగుసార్లు వచ్చి ఏదో ఒక పండు ఆమె మొహం ముందు ఊపి, "దీన్నేమంటుంది మీ యంత్రం?" అని నిలదీసేవాడు. ఆమె కూడా మాటకు మాట అప్పజెప్పేది. సగం పండిన వాటికి ఇంకో తొట్టె కావాలని ఆయన పట్టుబడితే, తొట్టె పెట్టే చోటు చూపించమని ఆమె పట్టుబట్టింది. చివరికి తూకం బల్ల జరిపి చోటు చేశారు. ఈ తిట్లలో ఆమెకు ఊరట ఉండేది. ఈయన నేరుగా తిడతాడు, మొహం మీదే తిడతాడు. మర్యాద కలిపి విషం పెట్టడు.

తమ్ముడు అప్పుడప్పుడూ ఫోను చేసి షెడ్డు కబుర్లు చెప్పబోయేవాడు. "మీ ఆవిడ ఏమంటోంది?" అని ఆమె అడగలేదు. ఏమంటోందో అతను చెప్పలేదు.

సీజను సగానికి వచ్చిందనగా ఒక మధ్యాహ్నం ఆమె ఫోను మోగింది. మరదలి నంబరు. ఆ నంబరు నుంచి ఇప్పటిదాకా ఒక్కసారైనా ఫోను రాలేదు. తమ్ముడికేమైనా అయిందేమోనని ఒక్క ఉదుటున లేచింది.

"ఏమైంది? వాడు బావున్నాడా?"

"బావున్నారు. పని మీద చేశాను." అటువైపు గొంతు ఎప్పటిలాగే గట్టిగా, పుల్ల విరిచినట్టు ఉంది. "కెమెరా కంపెనీవాళ్ళు కొత్త సాఫ్ట్‌వేర్ పంపారు. ఇంకా ఎక్కించలేదు. ఇందులో చుక్కకు నాలుగు అంకెలొస్తున్నాయి. నాలుగోది రంగు కాదు, ఎంత పారదర్శకంగా ఉందో చెప్పేది. మీ ప్రోగ్రామ్ మూడే తీసుకుంటుందా, నాలుగిచ్చినా సర్దుకుంటుందా?"

అక్క ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. గది బయట బెల్టు గడగడమంటోంది.

"మూడే."

"వరస?"

"ఎరుపు, ఆకుపచ్చ, నీలం."

"అంకెలు సున్నా నుంచి రెండువందల యాభై అయిదు దాకానేనా? లేక సున్నాకీ ఒకటికీ మధ్య కుదించి ఇవ్వాలా?"

"కుదించక్కర్లేదు. అది నేనే చేసుకుంటున్నా నా వైపు."

"అయితే నేను చెయ్యను. రెండుసార్లు కుదిస్తే మొత్తం నల్లగా అయిపోతుంది."

"అవుతుంది."

"నాలుగోది తీసేసి పంపిస్తాను. ఆదివారం బెల్టు ఆగి ఉన్నప్పుడు ఎక్కిస్తాను. ముందు మీరు ఒకసారి చూసి, సరేనంటేనే."

"నేను చూడకుండా ఎక్కించకు."

"అదేగా నేనూ అంటున్నది! ఒకసారి చెబితే వినపడదా మీకు?"

"వినపడింది. అరవకు."

అటువైపు ఫోను పెట్టేసిన చప్పుడు. వెళ్ళొస్తాననీ లేదు, ఉంటాననీ లేదు. అక్క కూడా ఫోను బల్ల మీద పడేసి, "పొగరు!" అని పైకే అంది. తర్వాత కుర్చీలో కూర్చుని, ఆదివారం ఏయే రకం పళ్ళతో పరీక్షించాలో ఆలోచించడం మొదలుపెట్టింది. బయట సైరన్ ఆమెను పిలుస్తున్నాడు, ఎప్పటిలాగే యార్డు ఆ చివరికి వినిపించేలా.